రింగు దిగాక బాక్సర్లు ఏమవుతారు: రోజూ వినే అపోహలు, లోపలి సంగతులు

11 ఏళ్ళు ప్రొఫెషనల్‌గా ఆడాను. ఇప్పుడు దాదాపు అన్నే ఏళ్ళుగా కుర్రాళ్ళు గుద్దడం ప్రాక్టీసు చేసేందుకు చేతులకు ప్యాడ్లు పడుతూ, పోటీ రోజు కార్నర్‌లో బకెట్, స్టూలు మోస్తూ ఉన్నాను. ఛాంపియన్ బెల్టు ఎప్పుడూ నడుముకు ఎక్కలేదు. టీవీలో రెండుసార్లు కనిపించాను, రెండుసార్లూ ఓడిపోయిన మూలలోనే. ఈ సోదంతా ఎందుకంటే, బాక్సర్ల రిటైర్మెంట్ గురించి మాట్లాడేవాళ్ళు ఎక్కువగా నలుగురైదుగురు ఛాంపియన్ల కథలు చదివి మాట్లాడతారు, నేను చూసింది మిగతావాళ్ళను. మొన్న ఒక పెళ్ళిలో ఒకాయన "మరి ఆ డబ్బంతా ఏం చేశారండీ?" అని చాలా సీరియస్‌గా అడిగాడు. ఏ డబ్బు అని అడగబోయి ఊరుకున్నాను. ఇంటికొచ్చాక ఇది రాయడం మొదలుపెట్టాను.

అపోహ: "బాక్సింగ్ అంటే కోట్లు. ఆపేశాక కాలు మీద కాలేసుకుని బతికేయొచ్చు."

కోట్లు సంపాదించినవాళ్ళు ఉన్నారు. మీకు పేర్లు తెలిసింది వాళ్ళవే. పోస్టర్ మీద పెద్ద బొమ్మలు ఇద్దరివే ఉంటాయి, కింద చీమల్లాంటి అక్షరాల్లో ఇంకో పదిహేను, పదహారు మంది పేర్లుంటాయి, ఆ పదహారు మందిలో చాలామంది శనివారం రాత్రి ఆడి సోమవారం పొద్దున్నే, కన్ను వాచిపోయినా సరే, డ్యూటీకి పోవాల్సినవాళ్ళే. మొదట్లో ఆడే నాలుగు రౌండ్ల పోటీలకు ఇచ్చేదే కొంచెం. అందులో మేనేజర్‌కు మూడోవంతు దాకా పోతుంది, ట్రైనర్‌కు పదోవంతు, ముఖం చిట్లితే రక్తం ఆపే కట్‌మ్యాన్‌కు ఎంతో కొంత, మెడికల్ పరీక్షలకు, లైసెన్సుకు ఇంకొంత, ఆపైన పన్ను. ఇవన్నీ పోగా చేతిలో పడేది ఆరు వారాల ట్రైనింగ్‌లో తిన్న తిండికి సరిపోతే అదృష్టమే. పేపర్లో పర్సు, అంటే పోటీకి ఇచ్చే మొత్తం, ఎంతో రాస్తారు గానీ ఈ కోతలు రాయరు.

అందుకే మాలో చాలామందికి రిటైర్ అయ్యాక ఉద్యోగం వెతుక్కునే పని ఉండదు, ఆడుతున్నప్పుడే ఆ ఉద్యోగం ఉంటుంది. నేను పొద్దున నాలుగున్నరకు పరుగు, తర్వాత గోడౌన్‌లో లోడింగు, సాయంత్రం జిమ్. బాక్సింగ్ ఆగాక పరుగు, జిమ్ తగ్గాయి, గోడౌన్ మిగిలింది, అంతే తేడా. పెద్దవాళ్ళలోనూ ఇలాంటివాళ్ళు ఉన్నారు. 1935లో హెవీవెయిట్ ప్రపంచ ఛాంపియన్ అయిన జేమ్స్ బ్రాడక్, ఆ తర్వాత చాలా ఏళ్ళకు న్యూయార్క్‌లో వెరజానో వంతెన కడుతుంటే అక్కడ పనిచేశాడు. లైట్ హెవీవెయిట్ ఛాంపియన్ బాబ్ ఫోస్టర్ ఆల్బుకర్కీలో షెరీఫ్ ఆఫీసులో ఉద్యోగం చేశాడు. వినడానికి జాలి కథల్లా ఉంటాయి గానీ నాకలా అనిపించదు. పగటిపూట పని ఉన్న మామూలు బాక్సర్ బయటి జీవితంలోకి నెమ్మదిగా సర్దుకుంటాడు. ఇరవై ఏళ్ళకే స్టార్ అయిపోయి, కరెంటు బిల్లు కూడా ఇంకొకళ్ళు కడుతూ వచ్చిన ఛాంపియన్‌కు 36వ ఏట అన్నీ ఒక్కసారే మీద పడతాయి.

అపోహ: "దివాలా తీశారంటే తాగుడో, జూదమో, జల్సాలో అయ్యుంటుంది."

అవి ఉన్న కేసులు ఉన్నాయి, లేవనను. కానీ జో లూయిస్ సంగతి చూడండి. 1937 నుంచి దాదాపు పన్నెండేళ్ళు హెవీవెయిట్ ఛాంపియన్, 25 సార్లు టైటిల్ నిలబెట్టుకున్నాడు. 1942లో యుద్ధం జరుగుతుంటే రెండు పోటీల పర్సులు నేవీ, ఆర్మీ సహాయ నిధులకు ఇచ్చేశాడు. పన్నుల శాఖ ఆ డబ్బు కూడా నీ ఆదాయమే, దానికీ పన్ను కట్టమంది. దానికి మిగతా బాకీలు కలిసి, వడ్డీల మీద వడ్డీలు పడి, జీవితమంతా తీరని అప్పయింది. ఆ అప్పు కోసమే రిటైర్మెంట్ నుంచి వెనక్కి వచ్చాడు, 1951లో రాకీ మార్సియానో చేతిలో నాకౌట్ అయ్యాడు, తర్వాత రెజ్లింగ్ కూడా చేశాడు, చివరికి లాస్ వేగాస్‌లో సీజర్స్ ప్యాలెస్‌లో వచ్చే పోయే అతిథులను పలకరించే ఉద్యోగం. చేతికి ఎముక లేనివాడంటారే, అలాంటి మనిషి.

అసలు చిక్కు ఎక్కడుందంటే మాకు నెల జీతం లేదు. ఎనిమిది నెలలు ఏమీ రాదు, ఒక రాత్రి ఒకేసారి వస్తుంది, ఆ రాత్రి వచ్చినదాన్ని బట్టి నెలనెలా ఖర్చు మొదలవుతుంది: ఇల్లు, కారు, చుట్టూ తిరిగేవాళ్ళు, చెల్లెలి చదువు, మేనమామ వ్యాపారం. పన్ను కట్టాల్సిన రోజు మాత్రం మరుసటేడు వస్తుంది. ఈలోపు చెయ్యి విరిగిందనుకోండి, పోటీ లేదు, పన్ను ఉంది. మైక్ టైసన్ ఆడిన రోజుల్లో 30 కోట్ల డాలర్లకు పైగా సంపాదించాడంటారు, 2003లో దివాలా పిటిషన్ పెట్టుకున్నాడు. హెవీవెయిట్ ఛాంపియన్ ఇవాండర్ హోలీఫీల్డ్‌కు 109 గదుల ఇల్లు ఉండేది, 2012లో అది చేజారిపోయింది. 109 గదులు ఊడ్పించడానికే ఎంతవుతుందో ఆలోచించండి.

జార్జ్ ఫోర్‌మన్‌ది దీనికి పూర్తిగా తిరగేసిన కథ. 1977లో ఆపేసి చర్చిలో బోధకుడయ్యాడు, హ్యూస్టన్‌లో పిల్లల కోసం ఒక యూత్ సెంటర్ పెట్టాడు, దాన్ని నడపడానికి డబ్బు చాలక 1987లో మళ్ళీ గ్లవ్స్ వేసుకున్నాడు. 1994లో 45 ఏళ్ళ వయసులో మైకేల్ మూరర్‌ను నాకౌట్ చేసి మళ్ళీ ఛాంపియన్ అయ్యాడు. ఆయన పేరుతో మాంసం కాల్చుకునే వంటింటి గ్రిల్ అమ్మిన కంపెనీ 1999లో ఆ పేరు హక్కులు శాశ్వతంగా కొనుక్కుంది, నగదు, షేర్లు కలిపి 13 కోట్ల డాలర్లకు పైనే. రింగులో కంటే వంటింటి పొయ్యి మీద ఎక్కువ సంపాదించిన బాక్సర్ ఆయనొక్కడేనేమో. దీన్ని చూసి "నేనూ ఏదో ఒకటి అమ్ముతా" అని బయల్దేరిన మావాళ్ళను ముగ్గురిని చూశాను, వాళ్ళ గురించి ఇంకోసారి.

అపోహ: "ఆటగాళ్ళు కదా, పెన్షన్ ఉంటుందిగా."

ఎవరిస్తారు? బాక్సింగ్‌కు లీగ్ లేదు, టీమ్ లేదు, గట్టి యూనియన్ లేదు. ప్రతి బాక్సర్ ఎవరికి వాడే కాంట్రాక్టర్. అమెరికాలో రాష్ట్రం తరఫున బాక్సర్లకు పెన్షన్ నిధి నడుపుతున్నది కాలిఫోర్నియా ఒక్కటే, 1982లో మొదలైంది, టికెట్ల మీద చిన్న మొత్తం వసూలు చేసి పోగేస్తారు. ఆ రాష్ట్రంలో సరిపడా రౌండ్లు ఆడినవాళ్ళకు 50 ఏళ్ళు వచ్చాక డబ్బు అందుతుంది. తమాషా ఏంటంటే తమ పేరున డబ్బు ఉన్న సంగతి చాలామందికి తెలియదు, ఆ నిధి చూసే రాష్ట్ర అథ్లెటిక్ కమిషన్ వాళ్ళే పాత బాక్సర్లను వెతుక్కుంటూ తిరగాల్సి వస్తోంది. మీకు తెలిసినవాళ్ళెవరైనా అక్కడ ఆడి ఉంటే ఓసారి అడగమనండి.

అపోహ: "గుద్దులు తిన్నవాళ్ళందరికీ చివరికి మతి చెడుతుంది."

దీనికి ఎదురు ఇంకోటి ఉంది, జిమ్‌లో కుర్రాళ్ళు చెప్పేది: "నాకౌట్ కాకుండా చూసుకుంటే, స్పారింగ్‌లో (ప్రాక్టీసు కోసం జిమ్‌లో ఆడే రౌండ్లలో) హెడ్‌గార్డ్ పెట్టుకుంటే ఏం కాదు." రెండూ తప్పే, రెండోది ఎక్కువ ప్రమాదం.

1928లో అమెరికాలో హారిసన్ మార్ట్‌లాండ్ అనే డాక్టర్ ఈ జబ్బు గురించి మొదటిసారి వైద్య పత్రికలో రాశాడు. అప్పటికే జిమ్ముల్లో దాన్ని పంచ్ డ్రంక్ అనేవాళ్ళు, తాగినవాడిలా నడక తూలడం, మాట ముద్దగా రావడం. 1969లో బ్రిటన్‌లో రాబర్ట్స్ అనే డాక్టర్ పాత ప్రొఫెషనల్ బాక్సర్లు 224 మందిని పరీక్షించి 37 మందిలో మెదడు దెబ్బతిన్న గుర్తులున్నాయని తేల్చాడు. అంటే నూటికి 17 మంది. ఎక్కువ కాలం, ఎక్కువ పోటీలు ఆడినవాళ్ళలో అవి ఎక్కువ. అందరికీ రాదన్నది నిజమే. ఆరుగురిలో ఒకరంటే మాత్రం నాకు నిద్ర పట్టే లెక్క కాదు.

తలకు పదే పదే దెబ్బలు తగిలి వచ్చే ఈ మెదడు జబ్బును ఇప్పుడు సీటీఈ అంటున్నారు. బతికుండగా ఖాయంగా తేల్చే పరీక్ష లేదు, పోయాక మెదడును పరీక్షించాల్సిందే. లెక్కలోకి వచ్చేది నాకౌట్లు ఒక్కటే అనుకోకండి, ఏళ్ళ తరబడి పోగుపడే చిన్న చిన్న దెబ్బలు కూడా, అవి పోటీల్లో కంటే స్పారింగ్‌లోనే ఎక్కువ పడతాయి. హెడ్‌గార్డ్ చర్మం చిట్లకుండా ఆపుతుంది, లోపల మెదడు కదలకుండా ఆపలేదు. ఫ్లాయిడ్ ప్యాటర్సన్ రెండుసార్లు హెవీవెయిట్ ఛాంపియన్, రిటైర్ అయ్యాక న్యూయార్క్ అథ్లెటిక్ కమిషన్‌కు చైర్మన్ అయ్యాడు. 1998లో ఒక కేసులో వాంగ్మూలం ఇస్తూ, తాను టైటిల్ ఎవరిని ఓడించి గెలిచాడో గుర్తు తెచ్చుకోలేకపోయాడు. ఓడించింది ఆర్చీ మూర్‌ను. ఆ తర్వాత పదవికి రాజీనామా చేశాడు. ఇది చదివిన రోజు నా పోటీలన్నీ వరుసగా కాగితం మీద రాసి చూసుకున్నాను. ఒకటి మిస్సయింది, నా భార్య చెప్పింది.

మరోపక్క మాక్స్ ష్మెలింగ్ ఉన్నాడు, 1930లో ప్రపంచ ఛాంపియన్, యుద్ధం తర్వాత జర్మనీలో కోకా కోలా వ్యాపారంలో స్థిరపడి 99 ఏళ్ళు బతికాడు. ఎవరికి వస్తుందో, ఎవరిని వదిలేస్తుందో ముందే చెప్పలేం.

నేను చూసినంతలో ఇంట్లోవాళ్ళకు మొదట తెలిసేది మతిమరుపు కాదు, కోపం. నెమ్మదైన మనిషి చిన్నదానికి గిన్నె విసిరేస్తాడు, రాత్రిళ్ళు నిద్రపోడు, డబ్బు విషయంలో అడ్డగోలు నిర్ణయాలు తీసుకుంటాడు. అలాంటప్పుడు "బాక్సర్ కదా, అంతే" అని వదిలేయకండి. నిద్ర లేకపోవడం, డిప్రెషన్, తాగుడు కూడా అచ్చం ఇలాగే కనిపిస్తాయి, వాటికి వైద్యం ఉంది. న్యూరాలజిస్ట్ దగ్గరికి వెళ్ళినప్పుడు ఎన్నేళ్ళు ఆడారు, వారానికి ఎన్ని రౌండ్లు స్పారింగ్ చేశారు అనేది రాసుకుని తీసుకెళ్ళండి.

అపోహ: "చదువు అబ్బక బాక్సింగ్‌కు వచ్చినవాళ్ళు, బౌన్సర్ పని తప్ప ఏం దొరుకుతుంది?"

హెవీవెయిట్ ఛాంపియన్‌గా ఆడిన విటాలీ క్లిచ్‌కోకు డాక్టరేట్ ఉంది, 2014 నుంచి ఉక్రెయిన్ రాజధాని కీవ్ మేయర్. జీన్ టన్నీ 1928లో ఛాంపియన్‌గానే తప్పుకుని వ్యాపారంలోకి వెళ్ళాడు, యేల్‌లో షేక్‌స్పియర్ మీద ఉపన్యాసం ఇచ్చాడు. రిఫరీగా పేరు తెచ్చుకున్న మిల్స్ లేన్ మాజీ బాక్సర్, అమెరికాలోని నెవాడాలో కోర్టు జడ్జిగా కూడా పనిచేశాడు. బౌన్సర్ పని కూడా పనే, తలుపు దగ్గర ఎవరినీ కొట్టకుండా రాత్రి గడిపేవాడే అందులో నెగ్గుకొస్తాడు.

అపోహ: "మంచి బాక్సర్ అయితే మంచి కోచ్ అవుతాడు. జిమ్ పెట్టుకుంటే చాలు."

ఫ్రెడ్డీ రోచ్ ప్రపంచ టైటిల్ ఎప్పుడూ గెలవలేదు. 1986లో ఆపేశాక చిన్నాచితకా పనులు చేసి, తన కోచ్ ఎడ్డీ ఫచ్ దగ్గరే అసిస్టెంటుగా చేరి, ఆ తర్వాత ఫిలిప్పీన్స్ ఛాంపియన్ మానీ పకియావ్‌కు కోచ్ అయ్యాడు. సహజంగా వచ్చినవాడికి తానేం చేస్తున్నాడో మాటల్లో చెప్పడం రాదు, "ఇలా కొట్టు" అంటాడు, ఎలా అంటే మళ్ళీ "ఇలా" అంటాడు. నాలాంటివాడికి ప్రతిదీ కష్టపడి నేర్చుకోవాల్సి వచ్చింది కాబట్టి దారి గుర్తుంది.

ఇక ఆదాయం. కోచ్‌కు వచ్చేది బాక్సర్ పర్సులో పదోవంతు. కొంచెంలో పదోవంతు ఎంతో మీరే లెక్కేసుకోండి. జిమ్ అద్దె కట్టేది ప్రొఫెషనల్స్ కాదు, పొట్ట తగ్గాలని సాయంత్రం ఆఫీసు అయ్యాక వచ్చేవాళ్ళు, పిల్లాడికి ధైర్యం రావాలని చేర్పించే తల్లిదండ్రులు. వాళ్ళతో ఓపిగ్గా మాట్లాడలేని మాజీ ఛాంపియన్ జిమ్ రెండేళ్ళలో మూతపడటం కళ్ళారా చూశాను. పైగా ప్యాడ్లు పట్టడం వల్ల భుజాలు, మోచేతులు పోతాయి. ఆడినప్పుడు నా మోచెయ్యి ఒక్కరోజు కూడా నొప్పి పెట్టలేదు, ఇప్పుడు సీసా మూత తీయడానికి కూడా మా అమ్మాయిని పిలుస్తాను.

అపోహ: "రిటైర్ అన్నాడంటే ఇక అయిపోయినట్టే."

షుగర్ రే లెనార్డ్ కంటి రెటీనా ఊడటంతో 1982లో రిటైర్మెంట్ ప్రకటించాడు, తర్వాత మళ్ళీ మళ్ళీ వచ్చి 1997లో చివరి పోటీ ఆడాడు. టైసన్ 2024లో 58 ఏళ్ళకు ఆడాడు. పకియావ్ సెనేటర్‌గా పనిచేసి, అధ్యక్ష ఎన్నికల్లో ఓడి, 2025లో 46 ఏళ్ళకు టైటిల్ పోటీ ఆడి డ్రా చేశాడు. వెనక్కి చూడకుండా వెళ్ళిపోయినవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు: ఒక్కటీ ఓడకుండా 49 గెలిచి 1956లో తప్పుకున్న మార్సియానో, ఛాంపియన్‌గానే ఆపేసిన లెనాక్స్ లూయిస్, 1987లో లెనార్డ్ చేతిలో ఓడాక ఇటలీ వెళ్ళి సినిమాల్లో చేసుకున్న మార్విన్ హాగ్లర్.

డబ్బు కోసమే వస్తారనుకుంటారు. కొంతవరకు నిజమే. కానీ ఇరవై ఏళ్ళు తిండి, నిద్ర, బరువు, పరుగు అన్నీ ఒక తేదీ చుట్టూ తిరిగిన ఒంటికి తేదీ లేకుండా ఎలా బతకాలో తెలియదు. నాకు మొదటి ఏడాది శనివారం సాయంత్రాలు వస్తే కాళ్ళు ఒకచోట నిలిచేవి కాదు.

ఇంకొకటి, ఈ ప్రకటనలు, కన్నీళ్ళ ప్రెస్‌మీట్లు పెద్దవాళ్ళకే. మా దగ్గర ఎవరూ ఏమీ ప్రకటించరు. ఫోన్ రావడం తగ్గుతుంది, వచ్చినా పది రోజుల ముందు, బరువు ఎక్కువున్నవాడితో ఆడమని. ఒకసారి కాదంటాం, తర్వాత అదీ రాదు. నేనైతే రిటైర్ అయ్యానని ఎవరికీ చెప్పలేదు, నాకు నేను కూడా చెప్పుకోలేదు. ఒక కుర్రాడి మొదటి లైసెన్సు ఫారం నింపి పెడుతుంటే, నమూనా కోసం నా పాత కార్డు బయటికి తీశాను. గడువు తీరి అప్పటికి ఎనిమిది నెలలయింది.