కవళ్లు మన తీరానికి ఎప్పుడొచ్చాయి?

కొత్తపట్నం ఒడ్డున వలలోంచి దులిపిన చిన్న చేపల్లో నూనె కవళ్లను (ఆయిల్ సార్డిన్) పోల్చుకోవడం కష్టమేం కాదు. మొప్ప వెనక లేత బంగారు మచ్చ, మొప్ప అంచున నల్లటి చుక్క, చేతికి అంటుకునే జిడ్డు. ఇప్పుడు చూస్తే ఎప్పటినుంచో మన దగ్గరున్న చేపే అనిపిస్తుంది. నిజానికి 1980ల దాకా ఇది పడమటి తీరం చేప. కేరళ, కర్ణాటక వైపు, 8 నుంచి 14 డిగ్రీల అక్షాంశాల మధ్యే ఎక్కువగా దొరికేది. నెల్లూరు ఆ గీతకు కాస్త పైన ఉంది, పైగా మనది వేరే సముద్రం.

1990లకల్లా తమిళనాడు తూర్పు తీరంలో కవళ్లు గంపలకొద్దీ పడసాగాయి. తర్వాత ఆంధ్ర తీరంలోనూ లెక్కకు వచ్చాయి. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థలో ఇ. వివేకానందన్ బృందం ఈ మార్పుకూ సముద్రం వేడెక్కడానికీ ఉన్న సంబంధాన్ని చూపించింది. 1951–2015 మధ్య ఉష్ణమండల హిందూ మహాసముద్రంలో పైనీటి వేడి సుమారు 1 డిగ్రీ పెరిగింది. మనకది పట్టదు. నీటి వేడే ఒంటి వేడిగా బతికే చేపకు మాత్రం చాలా ఎక్కువ.

కానాగంతల (మాకెరెల్) తీరు వేరు. అవి ఉత్తరానికి జరగడంతో పాటు లోతుకూ దిగాయి. 1985–89లో దేశంలో పట్టిన కానాగంతల్లో అడుగున లాగే ట్రాలు వలలకు చిక్కినవి 2 శాతమే. 2003–07 నాటికి అది దాదాపు 15 శాతం. చేప కిందికి దిగితే పెద్ద బోటుకు ఇబ్బంది లేదు. ఇసకపల్లిలో ఫైబర్ బోటు మీద పైనీళ్లలో వల వేసుకునేవాడికే టెన్షన్.

అన్నీ వేడి మీదికే నెట్టేయడం కూడా తప్పే. 1940లలోనే మలబారులో కవళ్లు దాదాపు కనబడకుండా పోయి, మళ్లీ వచ్చాయి. కేరళలో 2012లో దాదాపు 4 లక్షల టన్నులు పడిన చేప 2021కి 3,300 టన్నులకు పడిపోయింది. పసిఫిక్ నీళ్లు వేడెక్కే ఎల్‌నినోతో పాటు పిల్ల చేపల్ని ఊడ్చేయడం కూడా అందుకు కారణమే. రేపు మన తీరంలో కవళ్లు తగ్గినా ఈ రెండూ చూడాలి.

నన్ను ఎక్కువగా వేధించేది కేలెండర్. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు వేట ఆపుతున్నాం, చేపలు గుడ్లు పెట్టుకోనివ్వాలని. చెన్నై దగ్గర సంకర మీను (థ్రెడ్‌ఫిన్ బ్రీమ్ చేప) గుడ్లు పెట్టే కాలం వేసవి నుంచి అక్టోబరు–మార్చి చల్లటి నెలల వైపు జరుగుతోందని వివేకానందన్ బృందమే తేల్చింది. చెన్నై నుంచి పులికాట్ దాటితే నెల్లూరే. ఏ నెలలో ఏ చేప పొట్టలో జన (గుడ్లు) కనిపిస్తోందో ఒడ్డున చేపలు కోసే ఆడవాళ్లకు తెలుసు. జువ్వలదిన్నెలో, పాకలలో వాళ్లనడిగి నెలనెలా రాసిపెట్టే మనిషి ఒకరుండాలి. నిషేధం తేదీల మీద మాట్లాడాలంటే ముందు ఆ పుస్తకం చేతిలో ఉండాలి.