ఎగరడం కంటే వాలడం కష్టం

బుజ్జి మా ఇంటికొచ్చిన రోజే కుర్చీ వీపు మీద నుంచి గాల్లోకి దూకింది. రెక్కలు టపటపా కొట్టింది కానీ ముందుకు పోలేక ధబ్బుమని నేల మీద పడింది. రొమ్ము నేలకు తగిలిన ఆ చప్పుడు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. బుజ్జి కాకటీల్ జాతి చిలక. ఎగిరిపోకుండా ఉంటుందని అమ్మినవాళ్ళే దాని రెండు రెక్కల కొస ఈకలూ కత్తిరించి ఇచ్చారు. ఈకలే కదా, మళ్ళీ వస్తాయి, వచ్చాక అదే ఎగురుతుందిలే అనుకున్నాను. నెలలు గడిచాయి, ఈకలు నిండుగా వచ్చాయి. బుజ్జి మాత్రం అదే కుర్చీ మీద కూర్చుని నేలకేసి చూసేది, దూకేది కాదు.

ఎందుకో అర్థం కావడానికి రెక్క సంగతి మొదట్నుంచీ తెలుసుకోవాల్సి వచ్చింది. పక్షికి రెక్క అంటే మన చెయ్యే. మణికట్టు దాటాక మనకు అరచేయీ వేళ్ళూ ఉండే చోట దానికి ఎముకలు అతుక్కుపోయి ఉంటాయి. వాటి మీద పొడవాటి ఈకలు మొలుస్తాయి. చిలకలకు ఇవి ఒక్కో రెక్కకు 10. పక్షిని ముందుకు నెట్టే పని ప్రధానంగా వీటిదే. మోచేతికీ మణికట్టుకీ మధ్య మొలిచే ఈకలు దాన్ని గాల్లో మోస్తాయి. కత్తెర పడేది సాధారణంగా ఆ కొస ఈకల మీదే. అందుకే కత్తిరించిన చిలక రెక్కలు కొడుతుంది, కాస్త తేలుతుంది, కానీ సాగలేదు. ఒళ్ళు బరువైన ఆఫ్రికన్ గ్రే లాంటి చిలకలకైతే దెబ్బ మరీ గట్టిగా తగులుతుంది. రొమ్ము ఎముక మీది చర్మం చిట్లి పుండు పడ్డ చిలకలు పక్షుల డాక్టర్లకు కొత్త కాదు.

పూర్తిగా పెరిగిన ఈకలో ప్రాణం ఉండదు. మన గోరు, జుట్టులాగే అదీ కెరాటిన్ అనే ప్రొటీనే. కత్తిరిస్తే నొప్పి ఉండదు. ఈ మాట విని, గోరులాగే మళ్ళీ పెరుగుతుందని చాలామంది అనుకుంటారు. అక్కడే పొరపాటు పడతాం. గోరు కుదురు నుంచి ఎప్పుడూ పెరుగుతూనే ఉంటుంది. ఈక ఒకసారి పూర్తిగా పెరిగాక ఆగిపోతుంది. కత్తిరించిన ఈక మొండిగా చర్మంలో అలాగే ఉండిపోతుంది. ఈకలు మార్చుకునే సమయం వచ్చి, కింద నుంచి కొత్తది నెట్టినప్పుడే ఆ మొండి ఊడిపడుతుంది. పెద్ద చిలకలకు రెక్క ఈకలన్నీ మారడానికి ఏడాది పైనే పట్టొచ్చు. ఆ మొండి ఈకలను పీకేస్తే కొత్తవి త్వరగా వస్తాయని కొందరు సలహా ఇస్తారు. దయచేసి ఆ పని చేయకండి. పక్షికి విపరీతమైన నొప్పి. పైగా ఈక మొలిచే గుంట దెబ్బతింటే ఆ చోట ఈక వంకరగా రావచ్చు, అసలు రాకపోనూవచ్చు.

కొత్త ఈక వచ్చేటప్పుడు ఒకసారి దగ్గర నుంచి చూడండి. రెక్కను మెల్లగా విప్పితే నీలి నలుపు రంగులో లావుపాటి పుల్లలాంటిది కనిపిస్తుంది, చుట్టూ మైనం పూసినట్టు ఒక తొడుగు. లోపల నల్లగా కనిపించేది రక్తం. పెరిగే ఈకకు కావలసినవన్నీ ఆ రక్తమే మోసుకొస్తుంది. కొస నుంచి తొడుగు పొడిపొడిగా రాలుతూ ఉంటే, లోపల చుట్ట చుట్టుకుని ఉన్న ఈక కొంచెం కొంచెంగా విచ్చుకుంటుంది. పెరగడం అయిపోయాక రక్తం వెనక్కి తగ్గిపోయి కాడ బోలుగా మిగులుతుంది.

మామూలు రెక్కలో ఈ లేత ఈకకు అటూ ఇటూ పెద్ద ఈకలు కాపుగా ఉంటాయి. చిలకల కొస ఈకలు మధ్యలో ఎక్కడో మొదలై రెండు వైపులకూ వరసగా మారతాయి కాబట్టి ఏదో ఒక ఆసరా దొరుకుతుంది. వరసగా కత్తిరించేసిన రెక్కలో అటు చూసినా ఇటు చూసినా మొండి కాడలే. లేత ఈక ఒంటరిగా బయటికి పొడుచుకొస్తుంది. చిలక పడినా, పంజరం ఊచలకు రెక్క తగిలినా అది విరిగి రక్తం కారుతుంది, కథ మళ్ళీ మొదటికొస్తుంది. ఒక్క ఏడాదిలో రావలసిన రెక్క కొన్ని చిలకలకు ఏళ్ళ తరబడి రాకపోవడానికి కారణం ఇదే. కాబట్టి ఈ దశలో మనం చేయగల పెద్ద సాయం చిలకను పడనివ్వకపోవడమే. కూర్చునే కర్రలు కిందికి దించాలి, జారని గరుకు కర్రలు పెట్టాలి, కింద మందపాటి దుప్పటి పరవాలి. రక్తం వస్తే శుభ్రమైన గుడ్డతో మెల్లగా నొక్కి పట్టుకోవాలి. ఆగకపోతే వెంటనే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళాలి.

తిండి సంగతీ ఇక్కడే చెప్పాలి. ఈకలో చాలా భాగం ప్రొటీనే. ఉత్త గింజలు తినే చిలకకు కొవ్వు ఎక్కువ, ఈకకు కావలసిన అమైనో ఆమ్లాలు తక్కువ, విటమిన్ ఏ మరీ తక్కువ. పెల్లెట్లు (చిలకల కోసం తయారుచేసిన మేత గుళికలు), ఆకుకూరలు మెల్లమెల్లగా అలవాటు చేయాలి. కొత్త ఈకలు వచ్చేవరకూ ఆగలేని పరిస్థితి ఉంటే ఇంకో దారి ఉంది. డేగలతో వేటాడేవాళ్ళు శతాబ్దాలుగా చేస్తున్న పని అది. రాలిన ఈకను సన్నటి పుల్ల సాయంతో మొండి కాడలోకి దించి అతికిస్తారు. ఇప్పుడు పక్షుల డాక్టర్లు చిలకలకూ చేస్తున్నారు. ఇది ఇంట్లో చేసుకునే పని మాత్రం కాదు.

ఈకల తర్వాత కండ. పక్షి రొమ్ము ఎముకకు పడవ అడుగులాంటి గట్టు ఉంటుంది. రెక్కను కిందికి కొట్టే పెద్ద కండ దానికే అతుక్కుని ఉంటుంది. విచిత్రం ఏంటంటే, రెక్కను పైకెత్తే కండ కూడా వీపు మీద కాకుండా అక్కడే, పెద్ద కండ కింద దాగి ఉంటుంది. దాన్ని ఎముకకు కట్టే తాడులాంటి స్నాయువు భుజం దగ్గర ఎముకల సందులోంచి దూరి, బావి గిలక మీద తాడులా తిరిగి రెక్కను పైకి లాగుతుంది. వాడకపోతే ఈ రెండూ చిక్కిపోతాయి. అయితే చిక్కిన కండ తిరిగి రాదని భయపడక్కర్లేదు. ఇయర్డ్ గ్రీబ్ అనే నీటిపక్షి వలస దారిలో కాలిఫోర్నియాలోని మోనో సరస్సులో దిగి నెలల తరబడి తింటూ గడుపుతుంది. ఆ కాలంలో దాని ఎగిరే కండ ఎంతగా కరిగిపోతుందంటే, అసలు ఎగరలేదు. బయల్దేరే ముందు సరస్సులోనే రెక్కలు కొట్టి కొట్టి కండ తిరిగి పెంచుకుంటుంది.

బుజ్జి చేత కూడా అదే చేయించాం. వేలి మీద నిలబెట్టి చెయ్యి కొద్దిగా కిందికి దించితే రెక్కలు విప్పి కొట్టేది. రోజుకు కొన్నిసార్లు, అంతే. నోరు తెరిచి రొప్పినా, రెక్కలు ఒంటికి దూరంగా పట్టుకున్నా అక్కడితో ఆపేసేవాళ్ళం. పక్షికి చెమట పట్టదు, వేడిని అలాగే బయటికి పంపుకోవాలి. గాల్లోకి విసిరితే అదే నేర్చుకుంటుందని చెప్పేవాళ్ళున్నారు. ఒకసారి పడి భయపడ్డ పక్షిని విసిరితే నేర్చుకునేది ఒక్కటే, మన చేతిని నమ్మకూడదని.

తర్వాత గెంతు. పక్షి ఎగరడం కాళ్ళతోనే మొదలవుతుంది. పారట్‌లెట్ అనే బుల్లి చిలకల మీద స్టాన్‌ఫర్డ్ శాస్త్రవేత్తలు చేసిన పరిశోధన 2017లో వచ్చింది. దగ్గరి కర్రకు వెళ్ళాలంటే అవి కాళ్ళతో బలంగా తోసుకుని, రెక్కల సాయం కావలసినంత మేరకే తీసుకుంటాయి. కాబట్టి మొదటి పాఠం జానెడు దూరం. ఇటు కర్ర, అటు మన చెయ్యి, చేతిలో దానికి ఇష్టమైన గింజ. అందుకోలేనంత దూరమైనప్పుడు గెంతుతుంది. గెంతు చాలనప్పుడు రెక్క ఒకసారి కొడుతుంది. బుజ్జి మొదటి రెక్క కొట్టిన రోజు మా ఇంట్లో అందరం చప్పట్లు కొట్టబోయి, అది బెదురుతుందని ఊపిరి బిగబట్టుకుని ఊరుకున్నాం.

గది చిన్నదైతే సులువని అనుకుంటాం కానీ అది నిజం కాదు. కాకటీల్‌లను గాలి సొరంగంలో (కావలసిన వేగంతో ఎదురుగాలి వీచే గొట్టంలాంటి గదిలో) ఎగరేసి కండల శక్తి కొలిచిన పరిశోధన 2003లో నేచర్ పత్రికలో వచ్చింది. మధ్యస్థ వేగంలో ఎగిరినప్పుడు తక్కువ శక్తి చాలింది, మరీ నెమ్మదిగా ఎగిరినా మరీ వేగంగా ఎగిరినా ఎక్కువ కావలసి వచ్చింది. గదిలో ఎగరడం అంటే ఎప్పుడూ ఆ నెమ్మది ఎగురుడే. కొత్తగా ఎగిరే చిలక రెండు చుట్లకే రొప్పిందని టెన్షన్ పడకండి, అది చేస్తున్నది నిజంగానే కష్టమైన పని.

అన్నిటికంటే కష్టం వాలడం. గాల్లో వస్తూ వస్తూ ఒళ్ళు నిటారుగా ఎత్తాలి, తోక విసనకర్రలా విప్పాలి, వేగం చంపుకోవాలి, ఆ వేగం చచ్చినప్పుడు కూలిపోకుండా ఉండటానికి రెక్కకున్న బొటనవేలి మీది చిన్న ఈకలు పైకి లేపాలి, సరిగ్గా అప్పుడే కాళ్ళు ముందుకు చాచాలి. ఇదంతా రెప్పపాటులో జరగాలి. కత్తెర పడకముందు బాగా ఎగిరిన పక్షికి ఇది త్వరగా గుర్తొస్తుంది. గూడు వదిలే వయసులోనే కత్తిరించిన పక్షికి గుర్తు చేసుకోవడానికేమీ లేదు. దానికి మరింత ఓపిక కావాలి. ఎగరడం మొదలుపెట్టాక అలాంటివి గదిలో చుట్టూ తిరుగుతూనే ఉంటాయి, ఎక్కడ ఆగాలో తెలియక అలిసిపోయి గోడకు తగులుతాయి. అందుకే ముందే సీలింగ్ ఫ్యాన్ ఆపాలి, కిటికీ అద్దాలకు, నిలువుటద్దానికి తెరలు వేయాలి, నీళ్ళున్న పాత్రల మీద మూతలుండాలి.

పై నుంచి కిందికి దిగడం వేరే పాఠం. ఆ పాఠం రాని చిలక పొరపాటున బయటికి పోతే చెట్టు కొసకు ఎక్కుతుంది. కింద మనం పిలుస్తుంటే జవాబిస్తుంది, రావాలనే ఉంటుంది, దిగడం చేతకాదు. చిన్న ఎత్తు నుంచి మొదలుపెట్టి, ఎత్తు పెంచుకుంటూ పోవాలి. ముందు కుర్చీ నుంచి నేల మీద కూర్చున్న మన చేతికి, తర్వాత బల్ల మీద నుంచి, ఆ తర్వాత అల్మారా మీద నుంచి.

బుజ్జి ఒక సాయంత్రం కర్టెన్ రాడ్ ఎక్కి కూర్చుంది. స్టూల్ తెచ్చి దించుదామని నాకు చెయ్యి ఊరుకోలేదు. నేల మీద కూర్చుని గింజ చూపించాను. తల ఒకవైపుకు వాల్చి చూసింది, రెక్కలు సగం విప్పి మళ్ళీ ముడుచుకుంది, రాడ్ ఈ కొస నుంచి ఆ కొసకు నడిచింది. చాలాసేపటికి వంగి, తోక విప్పి, మెట్లు దిగినట్టు గాల్లో రెండుసార్లు తడబడి నా మోకాలి మీద వాలింది. గోళ్ళు బట్టలోంచి గుచ్చుకున్నాయి. గింజ నోట పెట్టుకుని, తినకముందే మళ్ళీ పైకి చూసింది.