హీలియం గుంటూరులో దొరికిందా? ఒక పసుపు గీత వెనకున్న కథ

ఆగస్టు 18 దగ్గర పడితే చాలు, ‘హీలియంని కనుగొన్నది మన గుంటూరులోనే’ అన్న పోస్టులు మళ్లీ తిరుగుతాయి. ‘కాదు, లండన్‌లో’ అన్న జవాబులూ వెంటనే వస్తాయి. 1868 సంపూర్ణ సూర్యగ్రహణం చూడడానికి ఫ్రెంచి శాస్త్రవేత్త జాన్సెన్ గుంటూరు వచ్చాడన్నది అందరికీ తెలిసిందే. సూర్యుడి కాంతిని రంగులుగా విడదీసినప్పుడు కనిపించిన ఒక పసుపు గీత కొత్త మూలకానిదని పట్టుకున్నది ఎవరన్నదే అసలు పేచీ.

ఒక మూలకం వేడెక్కితే ఏ రంగులు వెదజల్లుతుందో, తనకన్నా వేడి వెలుగుకు అడ్డొస్తే ఆ రంగులనే పీల్చుకుంటుందని (అక్కడ నల్లగీత పడుతుందని) జర్మన్ శాస్త్రవేత్త కిర్కాఫ్ అప్పటికే తేల్చాడు. సూర్యకాంతిలో 589.0, 589.6 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గరున్న నల్లటి ‘డి’ గీతలు సోడియంవి. కాబట్టి గ్రహణంలో సూర్యుడి అంచున పసుపు గీత మెరిస్తే సోడియమే అనుకోవడం సహజం.

మలుపు అదే ఏడాది అక్టోబరు 20న వచ్చింది. లండన్‌లో ఇంగ్లిష్ ఖగోళవేత్త లాకియర్ గ్రహణం లేకుండానే సూర్యజ్వాలలపై (సూర్యుడి అంచున ఎగిసే వాయువులపై) కాంతిని రంగులుగా విడదీసే స్పెక్ట్రోస్కోప్ పెట్టి, గీత ‘డి’ మీద లేదని, కాస్త ఆకుపచ్చ వైపు జరిగి ఉందని కొలిచాడు. ఇవాళ్టి లెక్కలో అది 587.6 నానోమీటర్లు. మామూలు సూర్యకాంతిలో దానికి జోడీగా నల్లగీత కనిపించదు. రసాయన శాస్త్రవేత్త ఫ్రాంక్‌లాండ్‌తో కలిసి ల్యాబ్‌లో హైడ్రోజన్‌ని పరీక్షించినా ఆ గీత రాలేదు. దాంతో ఇది కొత్త మూలకానిదేమోనని లాకియర్ అనుమానించాడు. ఆ మూలకమే హీలియం.

నల్లగీత ఎందుకు లేదో క్వాంటం సిద్ధాంతం వచ్చాకే తెలిసింది. హీలియం పరమాణువు ఈ పసుపు కాంతిని పీల్చాలంటే దాని ఎలక్ట్రాన్ ముందుగానే సుమారు 21 ఎలక్ట్రాన్ వోల్టుల (పరమాణువుల శక్తిని కొలిచే ప్రమాణం) ఎత్తున ఉండాలి. దాదాపు 5,500 డిగ్రీల సెల్సియస్ ఉన్న సూర్యుడి ఉపరితలంలో అలాంటి పరమాణువులు లేనట్టే. దానిపైనున్న క్రోమోస్ఫియర్ అనే పొరలో మాత్రం ఎలక్ట్రాన్లు అంతకన్నా పైస్థాయికి చేరి, అక్కడి నుంచి దిగేటప్పుడు ఆ పసుపు కాంతిని వదులుతాయి. అంచున వెలుగు గీత, మధ్యలో ఏమీ లేకపోవడం. లాకియర్ అనుమానానికి బలం ఇదే.

మరి గుంటూరు వాటా? ఆగస్టు 19న, గ్రహణం అయిపోయిన మర్నాడు, జాన్సెన్ పట్టపగలే సూర్యజ్వాలలను చూడగలిగాడు. చాలా గొప్ప పని అది. ఆయన ఉత్తరం, లాకియర్ నివేదిక ఒకే రోజు పారిస్ అకాడమీ ముందుకొచ్చాయి. అయితే కొత్త మూలకం ఉందని జాన్సెన్ చెప్పలేదు. మచిలీపట్నంలో మద్రాసు ఖగోళవేత్త పాగ్సన్ కూడా ‘డి’ దగ్గర గీతను చూశాడు. మద్రాసులో అచ్చయిన ఆయన నివేదిక యూరప్‌లో పెద్దగా ఎవరి దృష్టికీ రాలేదు. మన తీరానికి జరిగిన అన్యాయం ఏదైనా ఉంటే అదీ.

1895లో రసాయన శాస్త్రవేత్త రామ్సే యురేనియం ఖనిజం నుంచి వాయువు తీశాక హీలియం భూమ్మీదా ఉందని తేలింది. గుంటూరుకు దక్కాల్సిన గౌరవం ఆగస్టు 19 నాటి పద్ధతికి. పోస్టులు ఆ తేదీనే చెప్పాలి.