ఉమ్మనీరు ఎన్ని గంటలకు పోయింది?

కాన్పు కోసం ఆసుపత్రిలో చేరగానే అడిగే మొదటి ప్రశ్నల్లో ఇదొకటి. ఏటూరునాగారం వైపు నుంచి వరంగల్ సీకేఎం ఆసుపత్రికో, హనుమకొండ ప్రసూతి ఆసుపత్రికో రావాలంటే దాదాపు వంద కిలోమీటర్ల దారి. ఆ టెన్షన్‌లో టైం ఎవరు చూస్తారు? "రాత్రి ఎప్పుడో పోయింది సార్" అంటారు. కానీ ఉమ్మనీరు పోయి 18 గంటలు దాటితే బిడ్డకు ఇన్ఫెక్షన్ ముప్పు పెరుగుతుంది. ఆ ఇన్ఫెక్షన్ తెచ్చేవాటిలో గ్రూప్ బి స్ట్రెప్టోకాకస్ ఒకటి.

ఈ సూక్ష్మజీవిని 1887లో ఫ్రాన్స్‌లో పాడి ఆవుల పొదుగువాపులో గుర్తించారు. చాలాకాలం దీన్ని పశువుల జబ్బుగానే చూశారు. 1930లలో శాస్త్రవేత్త రెబెక్కా లాన్స్‌ఫీల్డ్ స్ట్రెప్టోకాకస్‌లను ఏ, బి అంటూ గ్రూపులుగా విడదీశారు. బాలింతల ప్రాణాలు తీసిన కేసుల్లో గ్రూప్ బి కూడా ఉందని 1938లో తేలింది. ప్రపంచం మొత్తం మీద గర్భిణుల్లో సుమారు ఐదుగురిలో ఒకరి పేగుల్లోనో జననమార్గంలోనో ఇది ఉంటుంది. చాలామందికి ఉన్నట్టే తెలియదు. ఇది సుఖవ్యాధి కాదు, శుభ్రత లేక వచ్చేదీ కాదు. ఈ మాట గట్టిగా చెప్పాలి, ఎందుకంటే బిడ్డకు ఏదైనా అయితే మన ఇళ్లలో మొదటి నింద తల్లి మీదే పడుతుంది.

కొందరు గర్భిణుల్లో మాత్రం ఇది మూత్రంలో ఇన్ఫెక్షన్ తెస్తుంది. ఉమ్మనీటి సంచిలోకి పాకితే నెలలు నిండకుండానే కాన్పు కావచ్చు, బిడ్డ కడుపులోనే చనిపోవచ్చు.

ఇది ఉన్న తల్లులకు పుట్టే పిల్లల్లో, ఏ జాగ్రత్తా తీసుకోకపోతే, సగం మందికి కాన్పు సమయంలో అంటుకుంటుంది. జబ్బు పడేది మాత్రం నూటికి ఒకరో ఇద్దరో. మరి ఆ ఒకరిద్దరే ఎందుకు? దీనికి 1976లో అమెరికాలో కేరొల్ బేకర్, డెన్నిస్ కాస్పర్ ఒక ముఖ్యమైన జవాబు కనుక్కున్నారు. జబ్బుపడిన పిల్లల తల్లుల రక్తంలో ఈ సూక్ష్మజీవి పైపొరను పట్టుకునే యాంటీబాడీలు చాలా తక్కువగా ఉన్నాయి. ఆ పైపొరలో మన కణాల మీద ఉండే చక్కెర అణువే ఉంటుంది కాబట్టి, దొంగ మన చొక్కా తొడుక్కుని ఇంట్లోకి వచ్చినట్టు, రోగనిరోధక వ్యవస్థ దాన్ని పోల్చుకోలేదు. పోల్చుకోవడానికి కావలసిన యాంటీబాడీలు మాయ ద్వారా తల్లి నుంచే రావాలి. అవి ఎక్కువగా వచ్చేది చివరి నెలల్లో. నెలలు నిండకుండా పుట్టినవాళ్లకు ముప్పు ఎక్కువ కావడానికి ఇదో కారణం.

మొదటి వారంలో వచ్చే జబ్బు చాలావరకు మొదటి రెండు రోజుల్లోనే బయటపడుతుంది. జ్వరం రావాలని లేదు, ఒళ్లు చల్లబడిపోవచ్చు కూడా. బిడ్డ పాలు పట్టకపోవడం, లేపినా మత్తుగా ఉండటం, మూలుగుతూ ఊపిరి తీయడం, డొక్కలు ఎగరేయడం, నిమిషానికి 60కి పైగా శ్వాసలు తీయడం: వీటిలో ఏది కనిపించినా ఆసుపత్రిలో చూపించాల్సిందే. ఇంటికి వచ్చాక అయితే వెంటనే 108కి ఫోన్ చేయండి. "బాలింత నిద్రపోతోంది, పొద్దున చూద్దాం" అని ఆగితే గంటల్లోనే పరిస్థితి చేయి దాటిపోవచ్చు. దిష్టి తగిలిందని అనిపిస్తే అది ఆసుపత్రి నుంచి వచ్చాక తీయండి.

మందు పాతదే, పెన్సిలిన్. నొప్పులు మొదలయ్యాక తల్లికి నరం ద్వారా ఇస్తారు. బిడ్డ పుట్టడానికి కనీసం 4 గంటల ముందు పడితే బాగా పనిచేస్తుంది. ముందు నెలల్లో మాత్రలు వాడి వదిలించుకుందామంటే కుదరదు, కాన్పు నాటికి పేగుల నుంచి మళ్లీ వచ్చేస్తుంది. అమెరికాలో 36, 37 వారాల్లో గర్భిణులందరికీ దూదిపుల్లతో పరీక్ష చేస్తారు. ఈ పద్ధతులతో అక్కడ మొదటివారపు జబ్బు 80 శాతానికి పైగా తగ్గింది. బ్రిటన్‌లో అందరికీ చేయరు, ముప్పు ఉన్నవాళ్లకే మందు ఇస్తారు. మన దేశంలోనూ అందరికీ పరీక్ష లేదు. మన ఆసుపత్రుల్లో పసికందుల రక్తంలో ఎక్కువగా దొరికేవి క్లెబ్సియెల్లా, ఎసినెటోబాక్టర్ లాంటి వేరే సూక్ష్మజీవులు కాబట్టి దృష్టి వాటి మీదే ఉంది. అందుకే ఉమ్మనీరు పోయిన టైం, నొప్పుల్లో జ్వరం, ఈసారి కడుపుతో ఉన్నప్పుడు మూత్రంలో ఈ సూక్ష్మజీవి దొరికిన రిపోర్టు, ముందు కాన్పులో బిడ్డకు ఈ జబ్బు వచ్చిన సంగతి అడగకపోయినా చెప్పాలి. ఈ నాలుగూ తల్లీబిడ్డల కార్డులో రాసి ఉంటే ఇంకా మంచిది.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 2019-21లో తెలంగాణ కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లే. నొప్పులు రాకముందు, ఉమ్మనీరు పోకముందు ఆపరేషన్ చేస్తే ఈ ముప్పు బాగా తక్కువ. అలాగని దీనికోసం ఆపరేషన్ అడగడం సరికాదు. ఏడో రోజు నుంచి మూడు నెలల లోపు వచ్చే రెండో రకం జబ్బును ఆపరేషనూ ఆపలేదు, కాన్పులో ఇచ్చిన పెన్సిలినూ ఆపలేదు. మొదటి రకం కంటే అందులో మెదడు పొరల వాపు (మెనింజైటిస్) ఎక్కువ. మాడు ఉబ్బుతుంది, ఫిట్స్ రావచ్చు, బతికినవాళ్లలో కొందరికి వినికిడి, చూపు దెబ్బతింటాయి. ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఇంటికి వచ్చినప్పుడు బిడ్డను విప్పి చూపించండి, తొట్టెల పండుగ హడావిడిలో ఉన్నా సరే. గర్భిణులకు ధనుర్వాతం సూదిలా ఇచ్చే టీకా ఈ సూక్ష్మజీవికి కూడా ప్రయోగ దశలో ఉంది.

పెద్దవాళ్లలో ఇది ఎక్కువగా షుగర్ రోగులను, వయసు పైబడినవాళ్లను పడుతుంది. స్పర్శ తగ్గిన పాదంతో చెప్పుల్లేకుండా పొలంలో తిరిగితే ముల్లు దిగినా తెలియదు. పుండు చుట్టూ ఎర్రబడి, వాచి, చలిజ్వరం వస్తే పసరు కట్టి ఊరుకోకూడదు. రక్తంలోకి వెళితే ప్రాణాంతకం. ఎముకదాకా దిగితే పెన్సిలిన్ జాతి మందులు వారాల తరబడి ఎక్కించాలి, ఒక్కోసారి వేలు తీసేయాల్సి వస్తుంది.