మోదుగ పువ్వుకు వాసన ఎందుకు లేదంటే

బుజ్జీ, చిన్నూ,

హోలీకి వచ్చినప్పుడు మీరడిగిన ప్రశ్నకు జవాబు రాయడానికి జూన్ దాకా ఆగాను. కాయలు ముదరనీ అని చూశాను.

చెరువు కట్ట అవతల మోదుగ చెట్టు కింద పువ్వు ఏరి, ముక్కు దగ్గర పెట్టుకుని, "తాతయ్యా, ఇంత బాగుంది, వాసనే లేదేంటి?" అన్నావు బుజ్జీ. నా చిన్నప్పుడు పంతులుగారు ఒక సంస్కృత శ్లోకం చెప్పేవారు: ఎంత అందగాడైనా చదువు లేకపోతే వాసన లేని మోదుగపువ్వు లాంటివాడేనట. మేమూ బట్టీ పట్టాం. కానీ ఇన్నేళ్లు ఆ చెట్టును చూశాక చెబుతున్నాను, ఆ పోలిక మోదుగకు అన్యాయం.

మీరు ఏరిన పువ్వును గుర్తు తెచ్చుకోండి. నల్లటి మఖమల్ గుడ్డతో కుట్టినట్టుండే చిన్న గిన్నె, అందులోంచి అయిదు నారింజ రంగు రేకులు. రేకుల మీద వేలితో రాస్తే సన్నని నూగు తగులుతుంది. రెండు రేకులు ఒకటిగా అతుక్కుని చిలక ముక్కులా వంగి ఉంటాయి. సంస్కృతంలో దీన్ని కింశుకం అన్నది అందుకే, "ఇది చిలకా ఏమిటి?" అని. ఆ ముక్కు లోపల పది కేసరాలు దాక్కుని ఉంటాయి. గిన్నె అడుగున తేనె.

ఆ తేనె పిట్టల కోసం. పిట్టలు పువ్వును వెతికేది ముక్కుతో కాదు, కంటితో. ఇక వాసనతో పనేముంది? మోదుగ తన బలమంతా రంగులో, తేనెలో పెట్టింది. పైగా ఆకులన్నీ రాలిపోయాక పూస్తుంది కాబట్టి ఆ ఎరుపుకు అడ్డమే లేదు. పొద్దున్నే వెళ్తే తేనెపిట్టలు, గోరింకలు, ఉడతలు కూడా కనబడతాయి. తేనెపిట్ట మూతి పెట్టగానే చిలకముక్కు రేకులు విచ్చుకుని, కేసరాలు దాని ఒంటికి పుప్పొడి పూస్తాయి. అది ఇంకో చెట్టు మీద వాలితే ఆ పుప్పొడి అక్కడికి చేరుతుంది.

ఇంకో మాట. మోదుగ తోటల్లో ముద్దుగా పెంచుకునే చెట్టు కాదు. మన మెదక్ వైపు, ఆదిలాబాద్ వైపు ఉండే ఆకురాల్చే అడవులే దాని ఇల్లు. దేశమంతా ఇలాంటి పొడి అడవుల్లో ఉంటుంది. బెంగాల్లో 1757లో యుద్ధం జరిగిన ప్లాసీకి ఆ పేరు పలాశం నుంచి, అంటే మన మోదుగ నుంచే వచ్చిందంటారు. నల్లరేగడిలో, నీళ్లు నిలిచే చోట, చౌడు నేలలో కూడా బతుకుతుంది. నరికినా మోడు నుంచి, వేళ్ల నుంచి మళ్లీ చిగురిస్తుంది. అలాంటి నేలను చూసి "ఉత్త బీడు" అని చదును చేసేస్తుంటే నాకు కడుపు తరుక్కుపోతుంది. అది బీడు కాదురా, మోదుగ వనం. మీ నానమ్మ పెళ్లిలో ఊరంతా భోంచేసింది ఆ ఆకులతో కుట్టిన విస్తళ్లలోనే. హోలీకి మీ మీద చల్లిన రంగు కూడా ఆ పూలు ఉడకబెట్టి తీసిందే.

చిన్నూ, నువ్వు ఒక కొమ్మకు ఎర్ర దారం కట్టి వెళ్లావు గుర్తుందా? దాని నిండా పూలే అప్పుడు. మొన్న వెళ్లి చూస్తే నాలుగే నాలుగు కాయలున్నాయి. మోదుగ తీరే అంత, పూసినవన్నీ కాయవు. కాయ పలచగా, చదునుగా, దాదాపు జానెడు పొడవుంటుంది. కొసన ఒకటే గింజ, మిగతాదంతా గాలికి ఎగరడానికి రెక్క. ఒక్కో కాయకు ఒక్కటే గింజ.

రెండు కాయలు కవరులో పెట్టి పంపుతున్నాను, ఇద్దరికీ తలా ఒకటి. మేడ మీద నిలబడి ముందు ఒకసారి గాలిలోకి వదిలి, ఎలా తిరుగుతూ దిగుతుందో చూడండి. తర్వాత మీ స్కూల్ వెనక ఖాళీ జాగాలో, మొదటి వాన పడ్డాక, అంగుళం లోతున పాతండి. కుండీలో వద్దు. పెద్దదవడానికి చాలా ఏళ్లు పడుతుంది, తొందరపడొద్దు. మిగిలిన రెండు కాయలూ ఆ కొమ్మకే ఉంచేశాను.

మీ తాతయ్య