యూపీఎస్ ఉన్నా కంప్యూటర్ ఎందుకు ఆగిపోతుంది?

కరెంటు పోతుంది. బల్ల కింద, కరెంటు పోతే బ్యాటరీతో నడిపే యూపీఎస్‌లో రిలే (కరెంటు దారి మార్చే స్విచ్) టక్కుమంటుంది, బీప్ మొదలవుతుంది. మానిటర్ వెలుగుతూనే ఉంటుంది, కంప్యూటర్ మాత్రం రీస్టార్ట్ అవుతుంది. చాలామంది వెంటనే బ్యాటరీ మార్పిస్తారు. అయినా తగ్గకపోతే విండోస్ మళ్లీ వేయిస్తారు, ర్యామ్ తీసి తుడిచి పెడతారు. చౌక యూపీఎస్ వల్ల కంప్యూటర్‌కు ఇబ్బంది వస్తుందా అంటే, వస్తుంది. కాకపోతే అది ఎక్కువగా యూపీఎస్‌కూ కంప్యూటర్ లోపలి భాగాలకు కరెంటు అందించే ఎస్‌ఎంపీఎస్‌కూ పొసగకపోవడం వల్ల వస్తుంది. ఆ జోడీని చూడకుండా ఒక్కో భాగం మార్చుకుంటూ పోతే డబ్బు దండగ.

ఇళ్లలో ఎక్కువగా కనిపించే 600 వీఏ (వోల్ట్ ఆంపియర్) యూపీఎస్ మామూలు వేళల్లో బయటి కరెంటునే కంప్యూటర్‌కు అందిస్తుంది. కరెంటు పోయిందని పసిగట్టాక రిలే తిరిగి బ్యాటరీ వైపు కలుస్తుంది. ఇందుకు 4 నుంచి 10 మిల్లీసెకన్లు పడుతుంది. అంతసేపూ కంప్యూటర్‌ను నిలబెట్టేది ఎస్‌ఎంపీఎస్‌లోని పెద్ద కెపాసిటర్లు, అంటే కాస్త విద్యుత్తును నిల్వ ఉంచుకునే భాగాలు. వాటిలో నిల్వ ఉన్న శక్తి తరిగిపోతే ఎస్‌ఎంపీఎస్ నుంచి మదర్‌బోర్డుకు వెళ్లే ‘పవర్ గుడ్’ సంకేతం పడిపోతుంది, బోర్డు రీసెట్ అవుతుంది.

ఒక మామూలు ఎస్‌ఎంపీఎస్ లెక్క చూద్దాం. అందులో 330 మైక్రోఫారడ్ (నిల్వ సామర్థ్యపు కొలత) కెపాసిటర్లు రెండు సిరీస్‌లో ఉంటాయి, అలా కలిపితే సామర్థ్యం సగమై 165 అవుతుంది. కంప్యూటర్ 160 వాట్లు వాడుతుంటే నష్టాలతో కలిపి కెపాసిటర్ల నుంచి 200 వాట్లు కావాలి. 230 వోల్టుల కరెంటుంటే కెపాసిటర్ల మీద సుమారు 320 వోల్టుల డీసీ నిలుస్తుంది. అది 220కి పడిపోయేదాకా ఎస్‌ఎంపీఎస్ పనిచేస్తుందనుకుంటే, ఈలోపు దొరికే శక్తి 4.4 జౌళ్లు. అంటే 22 మిల్లీసెకన్లు గడుస్తాయి. రిలేకు 10 పట్టినా ఇబ్బంది లేదు.

ఇప్పుడు అదే లెక్క లో వోల్టేజీలో వేద్దాం. వేసవి సాయంత్రం వీధిలో ఏసీలన్నీ వేసిన వేళ ఎస్‌ఎంపీఎస్‌కు 180 వోల్టులే అందుతున్నాయనుకోండి. కెపాసిటర్ల మీద ఉండేది 250. శక్తి వోల్టేజీ వర్గాన్ని బట్టి మారుతుంది కాబట్టి దొరికేది 1.2 జౌళ్లు కూడా ఉండదు. 6 మిల్లీసెకన్లలో అయిపోతుంది. రిలేకు 8 పడితే కంప్యూటర్ రీసెట్ కాక తప్పదు. పొద్దున కరెంటు పోతే ఏమీ కాని కంప్యూటర్ సాయంత్రం పోతే ఆగిపోవడం వెనక తరచూ ఉండేది ఇదే. వోల్టేజీ పెంచే సదుపాయం యూపీఎస్‌లోనే ఉందని నిశ్చింతగా ఉండలేం. చౌక రకాల్లో పెంచే మెట్లు ఒకటో రెండో ఉంటాయి. బయట 145 వస్తుంటే కంప్యూటర్‌కు అందేది 180 దాటకపోవచ్చు.

ఖరీదైన ఎస్‌ఎంపీఎస్‌లలో యాక్టివ్ పీఎఫ్‌సీ అనే సర్క్యూట్ ఉంటుంది. బయట 180 ఉన్నా 240 ఉన్నా ఇది లోపల సుమారు 380 వోల్టులు నిలబెడుతుంది. అందుకే రిలే మారే సందును తేలిగ్గా దాటేస్తుంది. దీనికి చిక్కు ఆ తర్వాతే. చౌక యూపీఎస్ బ్యాటరీ మీద ఇచ్చేది నున్నటి సైన్ తరంగం కాదు, మెట్లమెట్లుగా ఉండే తరంగం. ప్రతి 10 మిల్లీసెకన్ల అర చక్రంలో కొంతసేపు వోల్టేజీ సున్నా, ఆపైన ఒక్కసారిగా 300 దాటుతుంది. సున్నా దగ్గర పీఎఫ్‌సీకి లాక్కోవడానికి ఏమీ ఉండదు. ఎగిరిన క్షణంలో గబుక్కున ఎక్కువ కరెంటు లాగుతుంది. దాన్ని ఓవర్‌లోడ్ అనుకుని యూపీఎస్ ఆగిపోతుంది, లేదా ఎస్‌ఎంపీఎస్ తనే ఆగిపోతుంది. గేమింగ్ కోసం మంచి ఎస్‌ఎంపీఎస్ కొన్నాకే ఈ బాధ మొదలైందంటే ఆశ్చర్యపోనక్కర్లేదు. అలాంటి కంప్యూటర్‌కు ప్యూర్ సైన్ వేవ్ యూపీఎస్ కొనడమే నికరమైన దారి. వాడకానికి రెట్టింపు వాట్ల యూపీఎస్‌తోనూ చాలాసార్లు పని జరుగుతుంది గానీ అది గ్యారంటీ కాదు.

ఈ మెట్ల తరంగం మీటర్‌నూ తికమక పెడుతుంది. ఏ ఆకారపు తరంగాన్నైనా సరిగ్గా కొలిచే ‘ట్రూ ఆర్‌ఎంఎస్’ రకం కాని చౌక మల్టీమీటర్‌తో బ్యాటరీ మీద ఉన్న అవుట్‌పుట్ కొలిస్తే, అసలు 230 ఉన్నా తరంగం ఆకారాన్ని బట్టి 180 నుంచి 210 దాకా చూపించగలదు. ఆ అంకె చూసి యూపీఎస్ పాడైందని తేల్చేయకండి.

బ్యాటరీ సంగతి. 600 వీఏ అని డబ్బా మీద ఉన్నా వాట్లలో అది తరచుగా 360 మాత్రమే. లోపల ఉండేది 12 వోల్టులు, 7 ఏహెచ్ (ఆంపియర్ అవర్) సీల్డ్ బ్యాటరీ. కాగితం మీద 84 వాట్‌అవర్లు, కానీ 200 వాట్ల లోడుకు ఒక్కసారిగా 20 ఆంపియర్లు పైనే లాగుతాం కాబట్టి కొత్తదైనా 8–10 నిమిషాలకు మించి ఆశించలేం. వేడి దీనికి శత్రువు. 25 డిగ్రీల నుంచి ప్రతి 10 డిగ్రీల పెరుగుదలకు దాదాపు సగం ఆయుష్షు పోతుంది. మే నెల రామగుండంలో, ఏసీ లేని గదిలో, ఐదేళ్ల బ్యాటరీ రెండేళ్లకే చేతులెత్తేయడం సహజం.

తప్పు ఎక్కడుందో తేల్చడానికి 100 వాట్ల పాత ఫిలమెంట్ బల్బులు రెండు చాలు. రాత్రంతా చార్జ్ చేసి, కంప్యూటర్ తీసేసి, బల్బులు యూపీఎస్‌కు కలపండి. ఇప్పుడు గోడ దగ్గర స్విచ్ ఆపండి. ప్లగ్ పీకవద్దు, పీకితే ఎర్త్ కూడా తెగిపోతుంది. బల్బులు నిమిషంలోపే ఆరిపోతే బ్యాటరీ పోయినట్టే. ఐదు నిమిషాలు దాటినా వెలుగుతూ, కంప్యూటర్ మాత్రం స్విచ్ ఆపిన క్షణంలోనే రీస్టార్ట్ అవుతుంటే కొత్త బ్యాటరీ వల్ల ఒరిగేదేమీ లేదు. మారే సమయమో, తరంగమో, ముసలిదైన ఎస్‌ఎంపీఎస్ కెపాసిటర్లో కారణం. బల్బులు ఒకసారి మినుకుమనడం దోషం కాదు. బ్యాటరీ బయటికి అందుబాటులో ఉంటే, బల్బులు వెలుగుతుండగా దాని మీద వోల్టేజీ చూడండి. క్షణాల్లో 10.5 కిందికి జారితే మార్చాల్సిందే. పక్కలు ఉబ్బిన బ్యాటరీని పరీక్షించే పని పెట్టుకోకండి. వెంటనే తీయించేయండి, చార్జింగ్ వోల్టేజీ కూడా చూపించండి. 13.5–13.8 దాటి ఎక్కిస్తుంటే కొత్తదీ అలాగే ఉబ్బుతుంది.

జరిగినవన్నీ నమోదయ్యే విండోస్ ఈవెంట్ వ్యూయర్‌లో కెర్నెల్ పవర్ 41 అని పడితే, సరిగ్గా షట్‌డౌన్ కాకుండానే మళ్లీ మొదలైందని మాత్రమే అర్థం. ఆ సమయాలు కరెంటు పోయిన సమయాలతో కలిస్తేనే యూపీఎస్‌ను అనుమానించండి. ఇలాంటి రీసెట్లతో మదర్‌బోర్డు కాలిపోదు. ప్రమాదం రాస్తుండగా తెగిన ఫైళ్లకు.

ఇంటి ఇన్వర్టర్ మీదే కంప్యూటర్ నడిపేవాళ్లు దాని మోడ్ స్విచ్ చూసుకోవాలి. నార్మల్ మోడ్‌లో మారడానికి 40 మిల్లీసెకన్ల దాకా పట్టవచ్చు, ఫ్యాన్లకు అది లెక్కలోది కాదు. యూపీఎస్ మోడ్‌లో సుమారు 10కి దిగుతుంది, పైగా వోల్టేజీ 180 కిందికి రాగానే బ్యాటరీకి మారిపోతుంది. లేజర్ ప్రింటర్‌ను మాత్రం ఏ చిన్న యూపీఎస్‌కూ కలపకండి. కాగితం మీద పొడి ఇంకును కరిగించి అంటించే దాని ఫ్యూజర్ హీటర్ వేడెక్కేటప్పుడు 800 వాట్లు దాటడం మామూలే, ఆ దెబ్బకు కంప్యూటర్ కూడా ఆగుతుంది.

క్యాబినెట్ ముట్టుకుంటే సన్నగా షాక్ కొడుతోందంటే చాలాసార్లు అది యూపీఎస్ తప్పు కాదు, ఎర్తింగ్ లేదు. ఎస్‌ఎంపీఎస్ ఫిల్టర్ కెపాసిటర్లు ఎర్త్ తెగిన క్యాబినెట్‌ను సుమారు 115 వోల్టుల దగ్గర నిలబెడతాయి. ప్లగ్ పాయింట్‌లో ఫేజ్–ఎర్త్ మధ్య దాదాపు 230, న్యూట్రల్–ఎర్త్ మధ్య రెండు మూడు వోల్టుల లోపు రావాలి. అలా రాకపోతే ముందు ఎలక్ట్రీషియన్‌ను పిలవండి, యూపీఎస్ సంగతి ఆ తర్వాత.