ఎర్రనీళ్ళు, చిల్లగింజ

చిరంజీవులైన పిల్లలందరికీ తాతయ్య ఆశీర్వదించి రాసేది.

ఇక్కడ అందరం క్షేమం. శ్రావణం వచ్చింది, గోదావరికి ఎర్రనీళ్ళు దిగాయి. కాలవలో నీరు ఇటుకపొడి కలిపినట్టు పారుతోంది. మొన్న ఫోన్లో చిన్నది ఒక ప్రశ్న వేసి, నేను నసుగుతుంటే ‘సరేలే తాతయ్యా’ అని పెట్టేసింది. ఆ ప్రశ్న ఇదీ: ‘టీవీ పెడితే యుద్ధాలే. నువ్వేమో పొద్దున్నే కళ్ళు మూసుకుని నేనెవరు, నేనెవరు అని కూర్చుంటావు. దానివల్ల బాంబులు ఆగుతాయా?’

ఆగవు. ముందే ఒప్పేసుకుంటే మిగతాది దాపరికం లేకుండా మాట్లాడుకోవచ్చు. ఇవాళ పడబోయే బాంబుని ఎవరి ధ్యానమూ ఆపదు. అయినా ఈ మనుషుల మీద నాకు ఆశ చావలేదు. ఎందుకో చెప్పాలంటే కుండలో నీళ్ళ సంగతి చెప్పాలి.

కుళాయిలు లేని రోజుల్లో వరదొచ్చినా కాలవనీళ్ళే తాగాలి. బిందెలో చెయ్యి ముంచితే వేళ్ళు కనబడేవి కావు. అందుకని మా చిన్నతనంలో ఇంటింటా గూట్లో నాలుగు చిల్లగింజలు ఉండేవి. కొన్ని ఊళ్ళలో ఇండుపగింజలంటారు, సంస్కృతంలో కతకం. మట్టికుండని శుభ్రంగా తోమి, లోపలి గోడకి ఒక గింజని నిమిషమో రెండు నిమిషాలో గట్టిగా రుద్దాలి. ఇది ఎప్పుడూ పిల్లల పనే, కుండ మూతిలో సులువుగా దూరేది వాళ్ళ చెయ్యే కదా! రుద్దాక నీళ్ళు పోసి, ఒకసారి నెమ్మదిగా కలిపి, మూతపెట్టి వదిలెయ్యాలి. లోపల నున్నగా ఉండే ఇత్తడి బిందెకి గింజ అరగదు. దానికైతే సానరాయి మీద నాలుగు చుక్కల నీళ్ళతో గంధంలా తీసి కలుపుతారు. రాత్రి పెడితే తెల్లారేసరికి పైన తేట, అడుగున మడ్డి. తేటని మెల్లగా వేరే పాత్రలోకి వంచుకోవాలి. తొందరపడి కుండ కుదిపారా, మళ్ళీ మొదటికే. సామర్లకోటలో చాలాకాలం ఉండి మన తీరప్రాంతపు మొక్కల గురించి రాసిన రాక్స్‌బర్గ్ దొర కూడా ఈ గింజ వాడకాన్ని రాసిపెట్టాడు.

ఇది ఎలా పనిచేస్తుందంటే, బురద నలుసులు మరీ సన్నవి. అన్నిటి మీదా ఒకే రకం విద్యుదావేశం ఉంటుంది కాబట్టి ఒకదాన్నొకటి నెట్టుకుంటూ నీళ్ళలో తేలుతూనే ఉంటాయి, అడుక్కి దిగవు. గింజలోని జిగురు వాటిని ఒకదానికొకటి అతికిస్తుంది. ముద్దలు కట్టి, బరువెక్కి దిగిపోతాయి. అరిగిన గింజపొడి కూడా వాటితోపాటే అడుక్కి పోతుంది.

ఆ చివరి సంగతి వదలకండి. శంకరాచార్యులదిగా చెప్పే ఆత్మబోధ అనే చిన్న గ్రంథంలో సరిగ్గా ఇదే పోలిక ఉంది. ‘నేనెవరు’ అన్న జ్ఞానం జీవుడిలో కలిసిన అజ్ఞానాన్ని దింపేసి, పని అయ్యాక కతకరేణువులా తానూ దిగిపోతుందట. తేటదనాన్ని గింజ ఎక్కణ్ణుంచో మోసుకురాలేదు. బురద నిండి ఉన్నప్పుడూ నీరు నీరే.

మన భాషకి ఇదంతా ఎప్పుడో తెలుసు. నీళ్ళు తేరుకున్నాయంటాం. ఏడ్చి ఏడ్చి ఊరుకున్న మనిషినీ తేరుకుందనే అంటాం. రెండింటికీ వేరువేరు మాటలు కావాలని మనవాళ్ళకి తోచలేదు.

ఇప్పుడు ఆ గింజని లోపల ఎలా అరగదియ్యాలో చెప్తాను. పది నిమిషాలు చాలు. నిటారుగా కూర్చోండి, కుర్చీలోనైనా సరే. తమ్ముడు మీ పెన్సిళ్ళ డబ్బా విరగ్గొట్టాడనుకోండి. ఆ కోపాన్ని రానివ్వండి, తరమొద్దు. అది బాగా పొంగినప్పుడు లోపలే అడగండి: ఈ కోపం ఎవరికి? నాకు. ఆ నేను ఎవరు? ఇక్కడ మీ పేరూ తరగతీ ఇంటిపేరూ జవాబుగా వస్తాయి. అవి జవాబులు కావు, ఇంకా నాలుగు నలుసులు. పోనివ్వండి. కోపం మీకు కనబడుతోందంటే, చూసేవాళ్ళు దానికి కాస్త ఇవతల ఉన్నట్టేగా? కన్ను చెట్టుని చూస్తుంది, తనని తాను చూసుకోలేదు. ఆ ఇవతలివైపు ఊరికే ఉండండి. రెండు క్షణాల్లో మనసు క్రికెట్‌కో ఉప్మాకో పోతుంది. పోతే తిట్టుకోకుండా, ‘ఈ ఆలోచన ఎవరికి వచ్చింది’ అని మళ్ళీ మొదలెట్టండి. పది నిమిషాల్లో ఇరవైసార్లు పోయినా తప్పు లేదు.

ఈ పద్ధతిని మన కాలానికి దగ్గరగా చెప్పినవారు రమణ మహర్షి. 1896 జూలైలో, మదురైలో, పదహారేళ్ళ బడిపిల్లవాడిగా ఉండగా ఆయన్ని హఠాత్తుగా చావుభయం పట్టుకుంది. పారిపోకుండా శవంలా బిగదీసుకుని పడుకుని, చచ్చేది ఏది, మిగిలేది ఏది అని చూశారు. సెప్టెంబరు ఒకటో తేదీకి తిరువణ్ణామలై చేరారు. మరి అక్కడి అరుణాచలం కొండని వదల్లేదు. చితిని ఎగదోసే కర్ర చివరికి తానూ కాలిపోయినట్టు, నేనెవరన్న తలపు మిగతా తలపుల్ని పోగొట్టి తానూ పోతుందని ఆయన మాట. చిల్లగింజ చేసేదీ అదే.

పని చెడేచోట్లు కూడా చెప్పాలి. మొదటిది, పేరు జపించడం. కతకఫలం నీటిని తేర్చేదే అయినా దాని పేరు పలికినంత మాత్రాన నీళ్ళు తేరవని మనుస్మృతిలో ఒక శ్లోకం ఉంది. నేనెవరు, నేనెవరు అని వెయ్యిసార్లు పైకి అనుకోవడం అలాంటిదే. (చిన్నదానా, నువ్వు నన్ను పట్టుకున్నది ఇక్కడే. కొన్ని పొద్దులు నేను చేసేదీ అదే!) రెండోది, అతి. త్వరగా తేరాలని మూడు నాలుగు గింజలు అరగదీస్తే ఆ పొడే నీళ్ళలో మిగిలి మసక కడుతుంది. నేనిలా ఎందుకయ్యాను, నన్నెవరూ ఎందుకు పిలవరు అని రోజంతా తవ్వుకునేవాళ్ళ సంగతి అంతే. అది విచారణ అనిపిస్తుంది గానీ వట్టి దిగులు. తెలుగులో ఆ రెంటికీ ‘విచారం’ అనే ఒకే మాట ఉండటం మన ఖర్మ. మూడోది, అయిందా లేదా అని గడియకోసారి మూత తీసి కుండ కదపడం.

నాలుగోది అన్నిటికంటే ప్రమాదం. చిల్లచెట్టుకి దగ్గరి చుట్టం ముష్టిచెట్టు. దాని గింజ చదునుగా, బొత్తాంలా ఉంటుంది, కటిక విషం. చిల్లగింజ దానికంటే చిన్నది, గుండ్రం. తెలియనివాళ్ళు చెట్టుకింద ఏరుకోకూడదు, మూలికల కొట్టులో అడిగి కొనుక్కోవాలి. ‘నేనెవరు?’ అన్నది చిల్లగింజ. దాని చుట్టం ఒకటుంది, రోడ్డు మీద రెండు బళ్ళు గుద్దుకోగానే వినబడుతుంది: ‘నేనెవరో తెలుసా?’ అది ముష్టిగింజ. మా కులం తెలుసా, మా దేశం తెలుసా, మా దేవుడు తెలుసా అని దేశాలకి దేశాలే అరిచినప్పుడు మీరు టీవీలో చూసేవి మొదలవుతాయి. మంచి సాధకులు కూడా ‘నేను తేటపడ్డాను, వాళ్ళింకా బురదలోనే ఉన్నారు’ అనుకున్న రోజున ఈ గింజే మింగుతారు.

తాతయ్య కుండ దగ్గరే కూర్చున్నాడు, మరి ప్రపంచం మాటేమిటి అంటారా? కర్నూలు జిల్లాలో ఎర్రగుడి దగ్గర బండల మీద అశోకుడి శాసనాలున్నాయి. అందులో పదమూడోది కళింగ యుద్ధం గురించి. పట్టాభిషేకమైన ఎనిమిదేళ్ళకి కళింగని గెలిచానని, లక్షన్నర మందిని అక్కణ్ణుంచి తరలించుకుపోయారని, లక్షమంది చంపబడ్డారని, అంతకు ఎన్నో రెట్లు చనిపోయారని, అందుకు తనకి పశ్చాత్తాపం కలిగిందని గెలిచిన రాజే చెక్కించాడు. ఓడినవాడు ఏడవడం లోకంలో ఉన్నదే. గెలిచినవాడు తనలోకి చూసుకుని, చూసినదాన్ని పదిమందికీ తెలిసేలా రాతిమీద పెట్టడం అరుదు. అలాగని ఆయన కళింగని తిరిగి ఇచ్చెయ్యలేదు. అడవి జాతులకి అదే శాసనంలో ఒక హెచ్చరిక కూడా పెట్టాడు, పశ్చాత్తాపపడినా శిక్షించే శక్తి తనకుందని. అడుగున మడ్డి ఉండిపోయింది. అయినా తన తర్వాతివాళ్ళు కొత్త యుద్ధాలు కోరుకోవద్దని ఒక చక్రవర్తి చెప్పగలిగాడంటే, కుండ కొంతైనా తేరిందనే నేను లెక్కవేస్తాను. తమాషా ఏమిటంటే, కళింగదేశంలోని ధౌలి, జౌగడ బండల మీద ఈ పదమూడో శాసనం పెట్టించలేదు.

రెండో ప్రపంచయుద్ధం ముగిసిన ఏడాదే, 1945 నవంబరులో, యునెస్కో నిబంధనావళి రాసినవాళ్ళు మొదట్లోనే పెట్టిన సంగతి: యుద్ధాలు మొదలయ్యేది మనుషుల మనసుల్లో, కాబట్టి శాంతికి కోట కట్టవలసిందీ అక్కడే. వాళ్ళు సన్యాసులు కారు. కళ్ళముందు ఊళ్ళకి ఊళ్ళు కాలిపోగా చూసి కూర్చున్నవాళ్ళు.

గోదావరిని చిల్లగింజతో తేర్చలేం. బండెడు గింజలు పోసినా ధవళేశ్వరం దాటేలోపు కొట్టుకుపోతాయి. కానీ గోదావరిని గోదావరిగా ఎవరూ తాగరు, ఎవరి చెంబులోంచి వాళ్ళు తాగుతారు. యుద్ధం చెయ్యమనే సంతకం కూడా ఎవరో ఒకరి చేతే పెడుతుంది, ఆ చేతి వెనక ఒకే ఒక్క కుండ ఉంటుంది. ద్వేషం నీటి స్వభావమే అయితే నాకు ఆశ ఉండేది కాదు. అది కలిసిన మట్టి. దింపడానికి వీలుంది, ఒక్కొక్క కుండకీ విడివిడిగా, ఓపిగ్గా.

ఇంకో మాట. తేటనీళ్ళు కంటికి బాగున్నాయని అలాగే తాగకూడదు, క్రిములు కనబడవు. వంచుకున్నాక కాచి తాగాలి. కూర్చుని లేచాక కూడా పొయ్యి దగ్గర పని ఉంటుంది. తమ్ముడితో మాట్లాడటం, మన తప్పుంటే ఒప్పుకోవడం, పెద్ద దేశాలకైతే ఒప్పందాలు, కోర్టులు, సరిహద్దు లెక్కలు. అవి ధ్యానంలో జరగవు.

ఇక్కడితో నా పోలిక అయిపోయింది, ఎందుకంటే ఉప్పు ఉంది. చిల్లగింజ ఎంత అరగదీసినా కరిగిన ఉప్పు అడుక్కి దిగదు. ఛాందోగ్యోపనిషత్తులో శ్వేతకేతువు పన్నెండో ఏట గురుకులానికి వెళ్ళి ఇరవైనాలుగో ఏట అన్నీ వచ్చేశాయన్న గర్వంతో తిరిగొస్తాడు. తండ్రి ఉద్దాలకుడు రాత్రి నీళ్ళలో ఉప్పు వెయ్యమంటాడు. పొద్దున్నే ఆ ఉప్పు తెమ్మంటాడు. వెతికితే లేదు. పైన చప్పరించు, ఉప్పగా ఉంది. మధ్యలో, ఉప్పగా ఉంది. అడుగున, ఉప్పగానే ఉంది. అంతటా ఉండి కనబడనిది అలాంటిదే, అది నువ్వే అంటాడు తండ్రి. మట్టి దిగిపోయాక మిగిలేదాంట్లో ఆ రుచి ఏమిటో, అందరి కుండల్లోనూ అదే రుచి ఎందుకుందో నేను రాసి చూపించలేను. నాకు చేతకాదు.

కవరులో నాలుగు చిల్లగింజలు పెట్టాను. రెండు గాజు గ్లాసుల్లో ఒకే రకం బురదనీళ్ళు సమంగా పోయండి. సానరాయి మీద పదిసార్లు తిప్పి తీసిన గంధం ఒకదాంట్లోనే కలపండి, రెండోదాన్నీ అంతేసేపు ఉత్త చెంచాతో కలపండి. పడుకోబోయే ముందు కిటికీలో పెట్టండి. పొద్దున్న వెలుతురుకి ఎదురుగా చూసి, రెండు గ్లాసుల బొమ్మలూ గీసి నాకు పంపండి. రెండింట్లో ఏదీ తాగకండి. చిన్నదానా, రాత్రి లేచి గ్లాసు కదిపి చూడాలనిపిస్తుంది నీకు. అలా అనిపించినప్పుడు, అది ఎవరికి అనిపిస్తోందో చూడు.

ఆశీస్సులతో,
మీ తాతయ్య